కాడి మోసిన స్కూటర్

"ఈ కాలం పిల్లోళ్ల తెలివే తెలివి సామీ! మన కాలంలో ఇట్లాంటిది ఒక్కనికన్నా తట్టిందా?" అన్నాడు మా పక్కింటాయన.

ఆయన మెచ్చుకుంటున్నది మా వీధికి చీనీకాయలు, అదే బత్తాయిలు, అమ్ముకోవడానికి వచ్చిన ఒక కుర్రవాణ్ణి. వాడు తన స్కూటర్ వెనక రెండు చక్రాల చిన్న బండి తగిలించుకున్నాడు. బండి నిండా కాయలు. పైన రంగుల గొడుగు. ముందర మైకు దాని పాటికి అది అరుస్తోంది. ఆడవాళ్లు కాయలు నొక్కి చూస్తుంటే మగవాళ్లు ఫోన్లు తీసి బండికి ఫోటోలు తీస్తున్నారు.

నాకు ఒళ్లు మండింది. కుర్రవాడి మీద కాదు. వాడు కష్టజీవి, వాడి బండి ముచ్చటగా ఉంది. మంటంతా పక్కింటాయన మీద. తనకు తట్టనిది లోకంలో ఎవరికీ తట్టలేదని తీర్మానం చేసేశాడు. పైగా "మన కాలం" అంటూ నన్ను కూడా తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు!

"నీకు తట్టలేదని చెప్పుకో అప్పా. నన్ను కలుపుకోవద్దు" అన్నాను.

ఆయన నవ్వి కాయలు పట్టుకుని లోపలికి పోయాడు. ముసలివాడి మాటకు నవ్వే జవాబనుకుంటారు ఈ మనుషులు. నేను కూడా లోపలికొచ్చి కాగితం ముందు వేసుకున్నాను. బడి నన్ను మధ్యలోనే వదిలేసింది. మిగతా చదువు అంగట్లో బెల్లం పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువుకున్నవాణ్ణి. నా వాక్యం వంకరగా పోతే పోనీ. ఈ సంగతి మాత్రం రాసి తీరాలి.

మా ఊరు గార్లదిన్నెకు పడమరగా, ఎర్రనేల మిట్ట మీద ఉండేది. వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్లం. ఆ యేడు వాన మమ్మల్ని నమ్మలేదు. మొలక వేలెడంత లేచి, ఎండకు ముడుచుకుని, అట్లే నేలకు అంటుకుపోయింది. కరువు గురించి రాసేవాళ్లంతా మేమేదో పొద్దున లేచిందగ్గర నుంచి ఏడ్చుకుంటూ కూర్చున్నట్టు రాస్తారు. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఏడుపుకు కూడా కడుపు నిండాలి కదా! మా ఊర్లో ఆ కాలంలో విన్నంత ఎగతాళి నేను ఇంకెక్కడా వినలేదు. పనిలేని నోళ్లన్నీ ఒకచోట చేరితే ఇంకేముంటుంది?

ఇంట్లో పొద్దున రాగి సంగటి, మధ్యాహ్నం అదే సంగటి చల్లారింది. అమ్మ చింతచిగురు దూసుకొచ్చి, ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి రోట్లో నూరేది. ఆ కారం ఘాటు వీధి చివరిదాకా వచ్చేది. ఆ వాసనకే నోరూరి ముద్ద దిగేది. మనుషులకు ఎట్లాగో ఇంత దొరికేది. దొరకనిది మా ఎద్దులకు.

మావి ఒక జత. వలపట ఒకటి, దాపట ఒకటి. అంటే కాడికి కుడివైపు కట్టేది, ఎడమవైపు కట్టేది. వలపటిది మొండిది. దాపటిది మా నాయన దగ్గినా తల తిప్పి చూసేంత మెత్తనిది. గడ్డివామి అడుగంటాక నాయన వసారా కప్పెక్కి, కప్పిన బోదగడ్డి పీకి వాటికి వేశాడు. ఎండ నేరుగా ఇంట్లోకి దిగింది.

మా జేజి, అంటే నాయనకు అమ్మ, నెత్తిన కొంగు కప్పుకుని ఆ ఎండలో కూర్చునే సణిగింది. "కప్పు అయిపోయిందిరా. ఇంగ నా నెత్తిమీద జుట్టుండాది, అది కూడా పీకి పెట్టు."

"దాంట్లో సారం లేదులే అమ్మా" అన్నాడు నాయన.

ఆ రోజుల్లోనే ఎద్దుల దళారి మా వీధిలో తిరగడం మొదలుపెట్టాడు. భుజం మీద పెద్ద తుండుగుడ్డ. పశువుల బేరంలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద ఇద్దరూ చేతులు పెట్టుకుని వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. అంటే, ఒక రైతు తన చెయ్యి ఆ గుడ్డ కింద పెట్టాడంటే అమ్మడానికి మనసు ఒప్పుకున్నట్టే. ఆ యేడు ఎద్దుల్ని కొనే రైతు ఎవడూ లేడు. దళారి కొన్నవి ఎక్కడికి పోతాయో లారీ ఎక్కే ఆ ఎద్దులకు తప్ప అందరికీ తెలుసు.

"ఏమన్నా, చెయ్యి ఇట్లిస్తావా?" అని మా గడప ముందు గుడ్డ పరిచాడు.

"నా చెయ్యి ఖాళీగా లేదు" అన్నాడు నాయన, ఖాళీ చేతులు కట్టుకుని.

"నిలబడిన ఎద్దుకు ఒక ధర అన్నా, పండుకున్న ఎద్దుకు ఒక ధర. దాపటిది కాళ్లు వణికిస్తాండాది. నేనేం తొందరపెట్టను. నువ్వే పిలిపిస్తావు."

వాడు చెప్పినట్టే కొన్నాళ్లకు దాపటి ఎద్దు ఒక పొద్దున లేవలేదు. పొట్ట కింద కర్రలు పెట్టి మేము నలుగురం ఎత్తి నిలబెట్టాం. నాయన దాని మెడ పట్టుకుని చాలాసేపు అట్లే నిలబడ్డాడు. ఆ తర్వాత తన కుడిచెయ్యి చూసుకున్నాడు. నేను చూశాను. ఆ చెయ్యి గుడ్డ కిందికి పోతుందని నాకు భయం పట్టుకుంది. ఎద్దులు పోతే రేపు వాన పడినా విత్తనం వేసేదెవరు? బాడుగకు ఇవ్వడానికి ఊర్లో ఎవరి ఎద్దులు మాత్రం నిలబడి ఉన్నాయి? తొలివాన దాకా వాటిని నిలబెట్టాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ అందరం దానికోసమే బతికాం.

గడ్డి ఎక్కడా లేక కాదు. అమ్మకు అక్క, మా పెద్దమ్మ, పామిడి పక్కన కాలువ కింది ఊర్లో ఉండేది. వాళ్లకు పాత వరిగడ్డి వామి అట్లే ఉంది. "ఎంత కావల్లంటే అంత తోలుకపోండి" అని కబురు పంపింది. తోలుకొచ్చేదెట్లా? మా ఎద్దులు వట్టి బండితో అంతదూరం పోతే తిరిగి రావు. ట్రాక్టరు బాడుగ మా తాహతు కాదు. ఆకలిగొన్నవాడికి ఏటి అవతల అన్నం పెట్టినట్టుండేది మా పని.

ఇక్కడికి మా మామ రావాలి. అమ్మకు తమ్ముడు. పామిడిలో ఒక బట్టల అంగట్లో గుమాస్తా. పెళ్లి కాలేదు, స్కూటరే పెళ్లాం. ఎవరో వాడి అమ్మేసిన లేత నీలం స్కూటర్. ఒకవైపు వంచి, నాలుగు తన్నులు తంతే గాని పలికేది కాదు. పలికిందంటే నీలంపొగ, కాలిన నూనె వాసన. ఆ వాసన కోసం నేను సెలవునాడు ఊరి బయటిదాకా ఎదురుపోయేవాణ్ణి. నాకు అప్పుడు మీసం మొలుస్తున్న వయసు. మామ ఆ స్కూటర్‌ను అంగట్లో మిగిలిన మెత్తని గుడ్డముక్కలతో తుడిచేవాడు. దుమ్ము కాళ్లతో ఎక్కితే దించేసేవాడు.

మొదట అమ్మ బతిమాలితే వెనక సీటుకు రెండు గడ్డిమోపులు కట్టుకొచ్చాడు. గాలికి సగం దారిలోనే ఎగిరిపోయింది. మిగిలిన సగం మామ తలలో, చొక్కాలో, చెవుల్లో ఉంది. ఎద్దులు వాసన పట్టి మామనే నాకబోయాయి. మామ ఎగిరి గోడెక్కాడు. తెచ్చింది ఒక పూటకు చాలలేదు.

అప్పుడు తట్టింది నాకే. పక్కింటాయన వినాలి: నాకే తట్టింది. లాగేది ఎద్దులే ఎందుకు కావాలి? మేము బొగ్గుముక్కతో గోడమీద, స్కూటర్ వెనక బండి కట్టినట్టు బొమ్మ వేశాం. మేము అంటే నేను. గోడ పాడుచేసినందుకు వీపు మీద ఒకటి పడింది. బొమ్మ చూశాక అమ్మ చెయ్యి ఆగిపోయింది.

వచ్చే సెలవుకు మామ రాగానే అమ్మ విషయం చెప్పింది. మామ తింటున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా! అది స్కూటరక్కా, దున్నపోతు కాదు!"

"దున్నపోతైతే నిన్నెందుకు అడుగుతానురా? గడ్డి అడగని దున్నపోతు ఈ సీమలో నీదొక్కటే ఉండాది."

"దానికి ఏమన్నా అయితే?"

"నీకు పిల్లనిచ్చేవాళ్లు స్కూటర్ను చూసి ఇస్తారా, నిన్ను చూసి ఇస్తారా?"

"స్కూటర్ను చూసే గదక్కా ఇచ్చేది! నన్ను చూసి ఎవరిస్తారు?"

ఇంటిల్లిపాదీ నవ్వారు, నాయన తప్ప. మామ కూడా నవ్వాడు. నవ్వాడంటే ఒప్పుకున్నట్టే.

ఊర్లో బండ్లు చేసే ఆచారి కొలిమి ఆ యేడు చల్లబడి ఉంది. కరువులో కొత్త బండి ఎవరు చేయించుకుంటారు? నేను పోయి బొమ్మ సంగతి చెప్పేసరికి ఆయన కూర్చున్నచోటి నుంచి లేచి పంచె బిగించాడు. "పేడ వెయ్యని బండి! రేయ్, ఇన్నాళ్లు యాడున్నావురా నువ్వు?"

అక్కడి నుంచి మా ఊరికి పండగ. సామాన్లు కొనే పని పెట్టుకోలేదు. ఎండిపోయిన మా బావి మీద కపిల గిలక ఊరికే వేలాడుతోంది. ఎద్దులతో నీళ్లు తోడే ఆ గిలక ఇరుసే మా బండికి ఇరుసైంది. మామ పామిడిలో ఎవరో మూలన పడేసిన తోపుడుబండి చక్రాలు తెచ్చాడు. ఇక పైన తొట్టికి గట్టి చట్రం కావాలి. ఆచారి అటూ ఇటూ చూసి, నా చెవిలో చెప్పాడు: "మీ జేజి మంచం మద్దికర్ర గదా?"

మద్దికర్రే. జేజి పక్కింటికి మాటలకు పోయిన మధ్యాహ్నం, నులక విప్పి చుట్టచుట్టి అటకమీద పెట్టి, మంచం నెత్తిన పెట్టుకుని కొలిమి దగ్గరికి పరుగు తీశాను. మూడు కాళ్లు కోసేసరికి జేజి కర్ర పొడుచుకుంటూ వచ్చేసింది.

"నా మంచం నడిచొచ్చిందంటనే ఈడికి! నా పెండ్లికి మా నాయన ఇచ్చిందిరా అది, అల్లరి నాకొడకా!"

ఆచారి రంపం దాచుకున్నాడు. నేను ఆచారి వెనక దాక్కున్నాను. జేజి మంచం చుట్టూ తిరిగింది. కోసిన కాళ్లు కర్రతో కదిలించి చూసింది. పక్కనున్న చక్రాలు చూసింది.

"దీంతో ఎద్దులు తింటాయా?"

"తింటాయి జేజీ."

"అట్లయితే ఆ నాలుగో కాలు ఎందుకు పెట్టుకున్నావు ఆచారీ? దాన్ని కూడా కోసెయ్. ఒంటికాలి మంచం మీద నేనెట్ల పండుకునేది?"

ఆచారి అట్లాంటి ఇనుప పని జన్మలో చేయలేదు. బండి ముందుకు పొడుచుకొచ్చే కర్రను నొగ అంటారు. దానికి ఇనుపపట్టీ తొడిగి, స్కూటర్ వెనక భాగానికి బోల్టులు వేసి ఊపిరాడకుండా బిగించేశాడు. "ఇది ఊగిందంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. కాల్చిన ఇనుము వాసన, చెక్కపొట్టు వాసన, పెట్రోలు వాసన అన్నీ కలిసి నాకు మత్తెక్కించాయి. మూడిటిలో ఏ ఒక్కటి ఎక్కడ తగిలినా ఇప్పటికీ నేను ఆ కొలిమి ముందే ఉంటాను.

బండి బయలుదేరే రోజు ఊరంతా చేరింది. జేజి స్కూటర్ ముందు దీపానికి ఎద్దు నొసట పెట్టినట్టు బొట్టు పెట్టింది. నాయన మాత్రం రాలేదు. తన ఎద్దులకు మేత పెట్టలేని రైతు అని ఆ బండి ఊరంతా చాటుతుందని ఆయన బాధ. "నేను దాన్ని ముట్టను" అనేశాడు.

మామ తన్నాడు. స్కూటర్ పలికింది. కదిలింది! వెనక జేజి మంచం చక్రాల మీద గలగలమంటూ కదిలింది! పిల్లలు అరిచారు, కుక్కలు వెంటపడ్డాయి. నేను బండిలో నిలబడి తలపాగా ఊపాను. తేరు మీద దేవుడికి కూడా అంత సంబరం ఉండదు. వీధి దాటాం, ఊరి బయట బావిదాకా తిన్నగా పోయాం. అక్కడ దారి తిరుగుతుంది.

దారి తిరిగింది. మేము తిరగలేదు.

స్కూటర్ తిరగాలంటే పక్కకు వాలాలి. వెనక బండి బోల్టులతో పట్టేసుకుని దాన్ని వాలనివ్వలేదు. మామ ఎంత వంగినా స్కూటర్ వంగకుండా, తిన్నగా పోయి కంపచెట్లలో దూరింది. మామ ముందు, స్కూటర్ తర్వాత, నేను ఆఖరున.

"నాకింకా పెండ్లి కాలేదక్కో!" అని కంపలో నుంచి మామ కేక. అమ్మ పరుగెత్తుకొచ్చింది. ముళ్లు తీస్తూ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఊరంతా మాత్రం నవ్వింది. ఎవడో "ఎద్దులను అడగండప్పా, స్కూటర్‌కు దారి నేర్పిస్తాయి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముళ్లకు కాదు.

నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. చూస్తే నాయన వస్తున్నాడు. మామను చూడలేదు, నన్ను చూడలేదు. నేరుగా బండి దగ్గర గొంతుకూర్చుని నొగను పట్టి ఊపబోయాడు. అది ఊగలేదు.

"ఏం ఆచారీ, కాడికి నొగను ఎప్పుడన్నా బోల్టు వేసి బిగించినావా?"

"అది చెక్క కదన్నా. ఇది ఇనుము. కట్టేదేముంది?"

"ఏదైతేనేమి? ఒక ఎద్దు గుంతలో అడుగేస్తుంది, ఒకటి గట్టు మీద వేస్తుంది. కాడి వంగల్ల, నొగ వంగకూడదు. అందుకే కదా మనోళ్లు తోలుతాడుతో కట్టేది. తీసెయ్ ఆ బోల్టులు."

ఆచారి నెత్తి కొట్టుకుని బోల్టులు విప్పడానికి కూర్చున్నాడు. తరతరాలుగా కాళ్లూ చేతులూ ఎరిగిన పని అది. కొత్త ఇనుము చూసేసరికి దాన్నే మరిచిపోయాడు. అందరమూ మరిచిపోయాం. కొత్తదాన్ని చూస్తే మా ఊరికి ఇప్పటికీ అదే జబ్బు.

ఇంక ఒక చిక్కు ఉంది. మా ఇంట్లో కాడికి తాడు ఇంటి పెద్దే కట్టాలి. ఇంకొకరు కడితే ఎద్దులకు మంచిది కాదంటారు. ఆయన దేనికి కడితే అది ఆయన సొంత పశువైనట్టు. "నేను దాన్ని ముట్టను" అన్న మనిషి ఏం చేస్తాడని అందరం చూస్తున్నాం.

నాయన ఇంటికి పోయాడు. పాత కపిల తోలుసంచి నుంచి పొడుగ్గా తోలుపట్టీ కోసి, కుండలో నానబెట్టాడు. మర్నాడు ఆ తోలు తడివాసనతో మెత్తగా పాములా ఉంది. స్కూటర్ వెనక ఒక చిన్న అడ్డకర్ర బిగించి, దానిమీద నొగను ఆనించి, మోకాలు అదిమిపెట్టి ఒక్కొక్క చుట్టూ లాగి కట్టాడు. ఆరితే తోలు బిగుస్తుంది గానీ రాయి కాదు. పట్టుకుంటుంది, కదలనిస్తుంది. కట్టు ముడివేశాక, ఎద్దును తట్టినట్టు స్కూటర్ వెనక భాగాన్ని అరచేత్తో ఒక తట్టు తట్టాడు.

"పో" అన్నాడు.

బావి దగ్గర మామ స్కూటర్ వంచాడు. స్కూటర్ వాలింది, మంచం వాలలేదు, వెంట తిరిగింది. ఈసారి నేను అరిచిన అరుపుకు బావిలో పావురాలన్నీ లేచిపోయాయి.

పెద్దమ్మ ఊరు చేరేసరికి ఆమె వీధిలోకొచ్చి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ పూట మాకు వరన్నం, కందిపప్పు, మీద కరిగిన నెయ్యి. వరన్నం మా మిట్టమీద పండగనాటి మాట. నేను ఎంత తిన్నానంటే లేచి గడ్డి ఎత్తలేకపోయాను. మామ "ఎద్దులకా, నీకా మేత తెచ్చింది?" అని తిట్టాడు.

గడ్డి కట్టాం, ఇంటి కప్పు ఎత్తున కట్టాం. మిట్ట ఎక్కేచోట బరువు వెనక్కి గుంజి స్కూటర్ ముందు చక్రం గాల్లోకి లేచింది, గుర్రం లేచినట్టు. మామ దేవుళ్లందర్నీ పిలిచాడు. దిగి, పెన్న ఇసుక ఒక గోతంలో నింపి కాళ్లు పెట్టుకునే చోట వేశాం. చక్రం నేలకు దిగింది. పల్లంలో బండి మీదికి తోసుకురాకుండా నేను వెనక తాడు పట్టుకుని, ఎద్దులబండికి పట్టినట్టే, మడమలు నేలకు తన్ని గుంజాను. చెప్పులు అరిగిపోయాయి. ఇట్లా దారి పొడవునా నేర్చుకుంటూ వచ్చాం. ఎవడూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి దాపటి ఎద్దు పడుకుని ఉంది. గడ్డివాసనకు చెవులు రెండూ ముందుకొచ్చాయి. ముందుకాళ్ల మీద లేవబోయి, ఆగి, మళ్లీ లేచింది. పొట్ట కింద ఎవరూ కర్ర పెట్టలేదు. అది నమిలే చప్పుడు వింటూ మేమంతా సంగటి తిన్నాం.

ఆ తర్వాత సెలవు వచ్చిందంటే గడ్డి వచ్చినట్టే. మామ నాకు స్కూటర్ తోలడం నేర్పాడు. తర్వాత తర్వాత స్కూటర్ మా ఇంట్లోనే వదిలి బస్సులో పామిడి పోయేవాడు. ఒకసారి దళారి మా ఇంటిముందు ఆగి కొత్త వామిని, దాని పక్కన నీలం స్కూటర్‌ను చూశాడు.

"ఏందన్నా ఇది?"

"మూడో ఎద్దు. దాని ధర అడుగుతావా?" అన్నాడు నాయన.

వాడు నవ్వుకుంటూ పోయాడు. మా వీధికి మళ్లీ రాలేదు. వేరే వీధులకు వెళ్లాడు. అది తలుచుకుంటే నా సంబరం సగమవుతుంది.

తొలివాన మేము దారిలో ఉండగా పట్టుకుంది. నేనూ మామా నిండుబండితో వస్తున్నాం. ముందు చల్లటి గాలి, తర్వాత మట్టివాసన, ఆ వెంటనే చినుకులు రాళ్లలా పడ్డాయి. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. మామ నోరు తెరిచి వాన తాగాడు. మా మిట్టకు ముందు కొంతదూరం నల్లరేగడి ఉంది. తడిసిన రేగడి మైనంలా పట్టుకుంటుంది. చక్రానికీ మడ్డుగార్డుకూ మధ్య మట్టి ఇరుక్కుని స్కూటర్ నిలిచిపోయింది. మామ తన్నాడు, నేను తోశాను. తడిసేకొద్దీ గడ్డి బరువెక్కింది. ఊరు కంటికి కనిపిస్తూనే ఉంది.

నేను పరుగెత్తాను. నాయన కప్పులేని వసారాలో వానకు నిలబడి ఉన్నాడు. చెప్పాను. ఆయన ఎద్దుల వైపు చూశాడు. వాటి మెడమీద కాడి పడి ఎన్ని నెలలైందో. బురదలో గుంజేటప్పుడు మోకాళ్ల మీద పడితే మళ్లీ లేవవు. రేపు పొద్దున విత్తనం వేయాల్సినవి అవే. గడ్డి పోయినా ఎద్దులుండాలి. స్కూటర్‌ను అట్లే వదిలేయమంటాడని అనుకున్నాను.

"అవి గుంజుతాయో లేదో ఎట్ల తెలిసేది?" అన్నాడు.

"నన్నడుగుతావేంరా? వాటినడుగు" అంది జేజి.

నాయన కాడి తెచ్చి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. మెడలు పట్టి లాగలేదు, పిలవలేదు. ఊరికే ఎత్తి పట్టుకుని వానలో నిలబడ్డాడు. మనసున్న ఎద్దు తానే వచ్చి కాడి కిందికి మెడ దూరుస్తుంది. లేనిది నిలబడి చూస్తుంది. వలపటిది, ఎప్పటిలాగే మొండిగా నిలబడి చూసింది. దాపటిది ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. తలవంచి కాడి కింద మెడపెట్టి, ఇంకా ఎంతసేపు అన్నట్టు తోక విదిలించింది. దాని జత రాకుండా ఉంటుందా? వచ్చింది.

నాయన ముఖం తడిసి ఉంది. వాన కదా.

రేగడిలో స్కూటర్ మెడకు తాడు కట్టి కాడికి బిగించాం. నన్ను స్కూటర్ పడిపోకుండా ఎక్కి కూర్చోమన్నాడు. మామ వెనక బండిని తోస్తున్నాడు. నాయన ఎద్దుల మధ్య నిలబడి, రెండిటి మూపుల మీద చేతులు వేసి, పాతగొంతుతో ఒక్క కేక వేశాడు. గిట్టలు బురదలోకి దిగాయి. దాపటిదాని ముందరి మోకాలు వంగింది. నేను హ్యాండిల్ బిగించి పట్టుకున్నాను. మోకాలు లేచింది. నేల 'చప్' మని వదిలింది. స్కూటర్ కదిలింది, వెనక బండి కదిలింది, ముగ్గురం ఒకేసారి అరిచాం.

ఎర్రనేల ఎక్కాక మామ రొప్పుతూ వచ్చాడు. "బావా, గట్టి నేలకొచ్చినాము. తాడు విప్పు. మట్టి గీకి స్టార్ట్ చేస్తా."

"నీకేం తొందరప్పా? లాగేవాళ్లకు లేని తొందర!" అన్నాడు నాయన. తాడు విప్పలేదు. "రానీ. ఊరంతా చూడనీ."

ముందు మా ఎద్దులు, వాటి వెనక స్కూటర్, దాని వెనక జేజి మంచం మీద కొండంత గడ్డి. వానలో తలలమీద గోతాలు కప్పుకుని ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ఆ తర్వాత బతుకుతెరువు కోసం నేను చాలా బండ్లు తోలాను. లారీ తోలాను, బస్సు తోలాను, ఘాట్ రోడ్లలో తోలాను. ఆ రోజు నేను తోలింది ఏమీ లేదు. హ్యాండిల్ పట్టుకుని కూర్చోవడమే నా పని. కానీ అంత గొప్పగా నేను ఇంకే బండి మీదా కూర్చోలేదు. వీధి మొదట్లో ఉండబట్టలేక హారన్ నొక్కాను. ఇంజను ఆగితే ఆ స్కూటర్‌కు హారన్ మోగదు. అయితేనేం, నోరుంది కదా! "పాం! పాం!" అని నోటితోనే అరుచుకుంటూ ఊర్లోకి వచ్చాను.